చక్రం పట్టినవాడు, పానా పట్టినవాడు

పందెం ముగిసిన తరువాత పూలమాల ఒక్కరి మెడలోనే పడుతుంది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెం జరిగినప్పుడు మన విశాఖలోనూ ఎందరో యువకులు టెలివిజన్ల ముందు కదలక కూర్చున్నారు. గెలిచినవాడు ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ అని మరునాడు కళాశాల మెట్ల మీద చెప్పుకున్నారు. ఆ కారును సిద్ధం చేసినదెవరు, ఏ వేళకు ఎంత శక్తి ఖర్చు చేయవలెనో లెక్క కట్టినదెవరు అని అడిగినవారిని మాత్రం మేము చూడలేదు. అడుగవలసిన ప్రశ్న అదేనని మా అభిప్రాయం. అడుగకపోవుట వలన నష్టపోతున్నది మన ఇళ్ళలోని పిల్లలేనని కూడ మా అభిప్రాయం.

అమెరికా దేశంలో స్టాక్ కారు పందెములని ఒక జాతి పందెములున్నవి. స్టాక్ అంటే అంగడిలో అమ్మకానికి ఉన్న సరుకు. పందెం కోసమే పుట్టించిన కారును కాక, సామాన్యుడు కొనుక్కునే కారునే బరిలోకి దింపవలెనన్నది ఆ ఆట పుట్టుకలోని నియమం. (నేడు ఆ పోలిక పేరుకే మిగిలినది. పై రూపం తప్ప లోపలిదంతా పందెం కోసం కట్టినదే.) వీటిని నడిపే నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడినది. 1949 జూన్ 19న షార్లెట్ నగరంలో జరిగిన తొలి పందెంలో గ్లెన్ డనవే అనే అతడు అందరికంటె ముందు గీత దాటినాడు. పరీక్షకులు కారు క్రిందకు వంగి చూడగా వెనుక స్ప్రింగులు నియమానికి విరుద్ధంగా మార్చబడి ఉన్నవి. దొంగసారా బరువు మోయుటకు వాటినట్లు గట్టిపరచినారని చెబుతారు. బహుమతి జిమ్ రోపర్ అనే మరొకరికి పోయినది. ఆ ఆట పుట్టిన నాడే గెలుపోటములను తేల్చినది స్టీరింగు కాదు. కారు క్రింద పడుకొని పని చేసిన చేయి.

ఆ చేతులన్నిటికీ పెద్దను క్రూ చీఫ్ అంటారు. మన షెడ్డు భాషలో చెప్పాలంటే ఉస్తాద్. కారును పందానికి తగినట్లు కట్టించుట, మనుషులను ఎంచుకొని తరిఫీదు ఇచ్చుట, ఇంధనం ఎన్ని చుట్లకు సరిపోతుందో లెక్క వేయుట, కారును ఎప్పుడు లోపలికి పిలువవలెనో నిర్ణయించుట, ఇవన్నీ అతని బాధ్యతలు. పందెం మధ్యలో కారు ఆగే చోటును పిట్ అంటారు. కారు ఆగీ ఆగకముందే ఐదుగురు గోడ దూకి వస్తారు. ఒకడు జాకీతో లేపుతాడు, ఒకడు చక్రాలు అందిస్తాడు, ఇద్దరు బిగిస్తారు, ఒకడు ఇంధనం పోస్తాడు. నాలుగు చక్రాలు మారి కారు మళ్ళీ కదిలేసరికి పది సెకండ్లు, అటూ ఇటూ.

ఈ వేగమే చూసేవారిని ఆశ్చర్యపరుస్తుంది. మమ్మల్ని ఆకర్షించినది అంతకంటె నిశ్శబ్దమైన పని. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోతున్న మనిషి రేడియోలో రెండు మాటలు అంటాడు. "టైట్‌గా ఉన్నది" అంటే మలుపులో ముందు చక్రాలు మాట వినక కారు గోడవైపు పోతున్నదని అర్థం. "లూజుగా ఉన్నది" అంటే వెనుకభాగం జారి కారు గిర్రున తిరిగిపోజూస్తున్నదని అర్థం. ఆ ఒక్క మాటను పట్టుకొని, ఏ చక్రంలో గాలి ఎంత తగ్గించవలెనో, వెనుక స్ప్రింగు మీది బరువును పానాతో ఎంత త్రిప్పవలెనో క్రూ చీఫ్ క్షణాలలో తేల్చుకోవాలి. తాను కారులో లేడు. తన చేతిలో ఉన్నది మరొకడి అనుభూతి మాత్రమే. దానిని కొలతగా మార్చుటయే అతని విద్య.

పేచ్‌కస్ మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకొని రోగం చెప్పే ఉస్తాదులను మనము ఎరుగుదుము. వినే విద్య రెండు చోట్లా ఒక్కటే.

ఈ వృత్తిలో మొదటి పేరు డేల్ ఇన్మన్‌ది. ఏడు సార్లు ఛాంపియన్, రెండు వందల పందెములు గెలిచిన రిచర్డ్ పెట్టీకి ఇతడు బంధువు, చిన్ననాటి తోడు. క్రూ చీఫ్ అన్న హోదా మొదట ఇతనికే వచ్చినదని ఆ ఆట చరిత్ర తెలిసినవారు చెబుతారు. 1967లో వీరి కారు ఒక్క సంవత్సరంలో 27 పందెములు గెలిచినది. అందులో పది వరుసగా. 1981 డేటోనా పందెం సంగతి వింటే ఈ మనిషి ఎవరో తెలుస్తుంది. ఆ రోజు పెట్టీ కారు అందరికంటె వేగమైనది కాదు. చాలా చుట్లు బాబీ ఆలిసన్ ముందున్నాడు. చివరిసారి పెట్టీ కారు పిట్‌లోకి వచ్చినప్పుడు చక్రాలు ముట్టవద్దనీ, ఇంధనం మాత్రమే పోసి పంపవలెననీ ఇన్మన్ నిర్ణయించినాడు. అరిగిన చక్రాలతోనే కారు బయటకు పోయినది. ఆ మిగిలిన సెకండ్లే పెట్టీకి ఏడవ డేటోనా విజయాన్ని తెచ్చిపెట్టినవి. చక్రాలు పేలి ఉంటే ఆ నింద ఎవరి మీద పడేదో వేరుగా చెప్పనక్కరలేదు.

పెట్టీ వల్లనే ఇన్మన్‌కు పేరు వచ్చినదని అనేవారు ఉండవచ్చును. ఆ విజయం తరువాత కొద్ది కాలానికే ఇన్మన్ ఆ కుటుంబ సంస్థను విడిచి బయటకు వచ్చినాడు. 1984లో టెర్రీ లబాంటీ అనే మరొక డ్రైవరుతో కలిసి మళ్ళీ ఛాంపియన్‌షిప్ గెలిచినాడు. పెట్టీతో ఏడు, అది ఎనిమిదవది. విద్య ఎవరి దగ్గర ఉన్నదో దానితోనే తెలిసిపోయినది.

వర్జీనియా రాష్ట్రంలో స్టూవర్ట్ అనే చిన్న ఊరి షెడ్డు నుంచి వచ్చిన వుడ్ సోదరుల కథ కూడ ఇట్టిదే. 1963 డేటోనా పందెంలో వారి కారు మొదటి నుంచి చివరి వరకు ఒకే జత చక్రాల మీద పరుగెత్తి గెలిచినది. రెండేళ్ళ తరువాత, 1965లో, స్కాట్లండు వాడైన జిమ్ క్లార్క్ ఇంగ్లండులో తయారైన లోటస్ కారుతో ఇండియానాపోలిస్ పందానికి వచ్చినప్పుడు ఫోర్డు సంస్థ పిట్ పనికి ఈ సోదరులనే పిలిపించినది. అది వారికి అలవాటు లేని జాతి కారు. వారి లెనార్డ్ వుడ్ చేతికి మాత్రం అది పరాయిది కాలేదు. క్లార్క్ గెలిచినాడు.

తరువాతి తరం వాడైన చాడ్ నాస్ జీవితం విద్యార్థులకు మరింత పనికివస్తుంది. అతడు 1993లో జెఫ్ గోర్డన్ బృందంలో చేరినది చక్రాలు బిగించే పనివానిగా, రేకు పని చేసేవానిగా. ఆ బృందానికి క్రూ చీఫ్ రే ఎవర్న్‌హామ్. పిట్ పనిని ఆటగాళ్ళ కసరత్తువలె ప్రతిదినం సాధన చేయించి, ఆ పని రూపాన్నే మార్చినవాడు ఆయన. 1995, 1997, 1998 సంవత్సరాలలో ఆ బృందం ఛాంపియన్‌షిప్‌లు గెలిచినది. అట్టి గురువు వద్ద పని నేర్చి, మధ్యలో వేరే బృందాలలో కూడ పని చేసి, 2002లో నాస్ జిమ్మీ జాన్సన్‌కు క్రూ చీఫ్ అయినాడు. 2006 నుంచి 2010 వరకు వరుసగా ఐదు, తరువాత 2013లో, 2016లో, మొత్తం ఏడు ఛాంపియన్‌షిప్‌లు. చక్రం బిగించినవానికి శిఖరానికి పోయే దారి మూయబడి లేదని ఇక్కడ గమనింపవలెను.

అదే నాస్‌ను 2006 డేటోనా పందానికి ముందు నియమోల్లంఘన కారణంగా మైదానం నుంచి పంపివేసి, నాలుగు పందెములకు దూరం పెట్టినారు. అతడు లేకుండానే, సహాయకుడైన డేరియన్ గ్రబ్ ఆధ్వర్యంలో, ఆ కారు ఆ పందెం గెలిచినది. దీనిని కొందరు అతనికి అవమానంగా చెబుతారు. మేము రెండు విధాల చూస్తాము. తప్పుకు శిక్ష పడవలసిందే. కాని తాను లేని రోజున కూడ పని ఆగని బృందాన్ని తయారు చేయుట ఎంత మంది ఉస్తాదులకు చేతనైనది? మన షెడ్లలో పెద్దాయన జ్వరంతో పడుకుంటే షట్టరు కూడ పడుకుంటుంది.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి, మనకేమి సంబంధమని కొందరు అనవచ్చు. మన దేశంలో ఇట్టి కార్లు పరుగెత్తిన చోటు మదరాసుకు ఉత్తరాన షోళవరం. యుద్ధకాలపు విమానాల బాట అది. అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు, రోడ్డు మీద తిరిగే కార్లే, షెడ్లలో విప్పి బిగించబడి అక్కడ పోటీ పడేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టై బాట తెరిచే వరకు దక్షిణాదిలో మోటారు పందెం అంటే షోళవరమే. ఆ కాలపు వారిలో కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్ మనకు దగ్గరివాడు. ఆ నగరంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే నాయుడు కుటుంబాలున్నవి. లక్ష్మీ మిల్లుల కుటుంబం వాటిలో ఒకటి, ఆయన ఆ ఇంటివాడు. తానూ పందెములు తోలినాడు. కాని ఆయన పేరు నిలిచినది కట్టినందుకు. మారుతి 800 ఇంజనును ఒంటి సీటు పందెం కారులో అమర్చి, మన దేశపు యువకులు భరించగల ఖర్చులో ఆ కార్లను తయారు చేయించినాడు. 1995లో గగనయాన ప్రమాదంలో మరణించినాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో 2003లో తెరిచిన బాటకు ఆయన పేరే పెట్టినారు. ఆ మారుతి కార్లతోనే పందెం మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడైనాడు. 2010లో అమెరికా వెళ్ళి నాస్కార్ ట్రక్కుల పోటీలలోనూ దిగినాడు. ఆయన పేరు మన విద్యార్థులలో పలువురికి తెలుసు. కరివర్ధన్ పేరు చెబితే ఎవరని అడుగుతారు.

అదే కోయంబత్తూరులో వారికి ముందు తరం వాడు జి. డి. నాయుడుగారు. 1893లో పుట్టి, పెద్ద చదువులు చదువక, ఒక మోటారు సైకిలును కొని విప్పి మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చినారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో ప్రారంభించి పెద్ద రవాణా సంస్థను నిర్మించినారు. 1945లో వృత్తివిద్యాలయ స్థాపనకు కారకులైనారు. ఏళ్ళ తరబడి సాగే ఇంజనీరింగు చదువు కాలహరణమనీ, పని మీద ఉంచి తక్కువ కాలంలో నేర్పవచ్చుననీ వాదించి, ప్రభుత్వం ఒప్పుకోకపోతే తప్పుకున్నారు. ఆ వాదంలో కొంత అతి ఉన్నదని మాకు తోస్తుంది. ఆ అతిని తీసివేయగా మిగిలినది మాత్రం నేటికీ పాతబడలేదు.

ఇక మన ఊరు. 1933లో ఓడరేవు తెరిచినది. 1948లో జల ఉష ఓడ నీటిలోకి దిగినది. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చినది. ఈ ఊరు యంత్రాలను నమ్ముకున్న ఊరు. ద్వారకా నగర్ సందులలో నిలబడి తల ఎత్తి చూస్తే పోటీ పరీక్షల శిక్షణ సంస్థల బోర్డులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. నాలుగడుగులు వేస్తే ఆసీలుమెట్టలో సంపత్ వినాయక ఆలయం ముందు కొత్త వాహనాలు పూజకు బారులు తీరి ఉంటాయి. క్రొత్త బండికి నిమ్మకాయ, కొబ్బరికాయ, గౌరవం అన్నీ దక్కుతాయి. ఆ బండే మూడేళ్ళ తరువాత పొగ వదిలితే ఎవరి దగ్గరకు పోతుందో, ఆ మనిషిని మాత్రం "ఏయ్" అని పిలుస్తాము.

మా కళాశాల విద్యార్థులలో పలువురి ఇళ్ళలో ఒక తండ్రో, మామూయో, భాయీజానో షెడ్డు పనివారే. చదువు మధ్యలో మాని షెడ్డుకు పోయిన సహపాఠులు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. వారిని గూర్చి మన సభలలో మాట్లాడేటప్పుడు "పాడైపోయినవారు" అన్నట్లు గొంతు తగ్గిస్తాము. ఈ గొంతు తగ్గించుటే మాకు అభ్యంతరం.

షెడ్డును పొగుడుతున్నాము కనుక పసిపిల్లలను షెడ్డుకు పంపమని చెబుతున్నామని ఎవరూ అనుకోరాదు. పదునాలుగేళ్ళు నిండనివారిని షెడ్డు పనిలో పెట్టుట చట్టం నిషేధించినది. నిషేధించకపోయినా అది అన్యాయమే. ఉస్తాద్, శాగిర్దుల బంధంలో ప్రేమ ఎంత ఉన్నదో, చెంపదెబ్బలు, జీతం లేని ఏళ్ళు కూడ అంతే ఉన్నవి. విద్యను దాచుకొని, చివరి కిటుకు శాగిర్దుకు చెప్పక చనిపోయే ఉస్తాదులూ ఉన్నారు. వీటిని అందంగా వర్ణించుటకు మేము సిద్ధంగా లేము.

అంతకంటె తొందరగా ఆలోచింపవలసిన ప్రమాదం ఒకటి వచ్చి పడినది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్. ఆరు కాలుష్య నియమాలు అమలులోకి వచ్చినవి. మోటారు సైకిళ్ళలో కార్బురేటరు పోయి, కంప్యూటరు అదుపులో ఇంధనాన్ని చిమ్మే పద్ధతి వచ్చినది. చెవికి పేచ్‌కస్ ఆనించిన ఉస్తాదుకు ఈ బండి తన రోగం చెప్పదు. స్కానరు తగిలిస్తే ఇంగ్లీషు అక్షరాలలో, అంకెలలో చెబుతుంది. విద్యుత్ బండ్లకైతే ఆ ఇంజను శబ్దమే లేదు. నలభై ఏళ్ళ అనుభవం ఒక చిన్న డబ్బా ముందు చేతులు కట్టుకొని నిలబడుతున్నది.

నాస్కార్‌లోనూ ఇదే జరిగినది. 2012లో అక్కడా కార్బురేటరు పోయినది. కాని అక్కడి పాత మెకానిక్ ఒంటరివాడు కాదు. ఇంజనీరు వచ్చి అతని ప్రక్కన కూర్చున్నాడు. ఒకడి చేతి అనుభవం, మరొకడి లెక్క ఒకే బల్ల మీదికి వచ్చినవి. ఏ బాటలో, ఏ ఎండలో, చక్రంలో ఎంత గాలికి కారు ఎట్లా నడిచినదో వ్రాసి పెట్టుకొనే అలవాటు వారికి ముందే ఉన్నది. మన షెడ్డులో అనుభవం ఉన్నది, వ్రాత లేదు. మన కళాశాలలో వ్రాత ఉన్నది, పానా లేదు. రెంటికీ మధ్య ఉన్న దూరం ఒక్క రోడ్డు వెడల్పు.

కావున కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఇది. సాయంకాలం తరగతులు ఖాళీగా ఉన్న వేళలలో వారానికి రెండు దినములు షెడ్డు పనివారి కోసం ఒక గది తెరువవలెను. దీనికి విశ్వవిద్యాలయం అనుమతి కావలెనని, పాఠ్యప్రణాళిక లేదని అభ్యంతరాలు వస్తాయని మాకు తెలుసు. మేము డిగ్రీ అడుగుట లేదు. స్కానరు మీద కనిపించే అక్షరాలను చదువుట, కొలతలను పుస్తకంలో వ్రాయుట, లెక్క, బిల్లు, కొంచెం ఇంగ్లీషు, ఇంతే. నేర్పేవారు మా విజ్ఞానశాస్త్ర విద్యార్థులు కావచ్చు. బదులుగా ఉస్తాదులు మాకు ఇంజను విప్పి చూపవలెను. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మేము చూచినది బొమ్మ మాత్రమే. పని తెలిసి పత్రం లేనివారికి పూర్వానుభవాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ పథకం 2015 నుంచి వచ్చినది. కంచరపాలెంలో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ రెండూ ఉన్నవి. డిప్లమా ముగించినవాడు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చును. ఈ మెట్లు ఉన్నవని షెడ్డులోని పిల్లవానికి చెప్పేవారు లేరు. చెప్పుటకు కళాశాలకంటె తగిన చోటు ఏది?

రెండు భాషల కళాశాలగా మనకు ఒక సౌకర్యం కూడ ఉన్నది. షెడ్డు మాటలలో సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు, లెక్కలు తెలుగులో. ఈ మూటిని కలిపి, ఒక పుటలో ఉర్దూ, ఎదుటి పుటలో తెలుగు ఉండేట్లు స్కానరు సంకేతాలకు చిన్న చేతిపుస్తకం తయారు చేయుట మన రెండు శాఖలవారికి అసాధ్యం కాదు. ఇట్టి పుస్తకం మాకు ఏ అంగడిలోనూ కనబడలేదు.

ఆడపిల్లలకు ఇందులో ఏమి పని అని ఎవరో అడుగుతారు. నార్‌ఫోక్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడిన బ్రెహానా డేనియల్స్ అనే నల్లజాతి యువతి 2018లో డేటోనాలో గోడ దూకి చక్రాలు బిగించినది. మా సోదరీమణులను చక్రాలే బిగించమని మేము చెప్పుట లేదు. విద్యుత్ బండి బాటరీని పరీక్షించుటకు, లెక్కల పుస్తకం నడుపుటకు బలమైన భుజాలు అక్కరలేదు. సాయంకాలపు గదిలో వారికీ బల్లలు వేయవలెను.

ఈ మనవిని మాలో కొందరము సంతకాలు చేసి కార్యాలయంలో ఇచ్చి ఉన్నాము. నేర్పుటకు ముందుకు వచ్చిన విద్యార్థుల పేర్లు, వారు వారంలో ఏ దినములలో రాగలరో దానితో జతపరచినాము. ఇద్దరు ఉస్తాదులు తమ షెడ్లలోని పాత ఇంజన్లను ఇచ్చుటకు ఒప్పుకున్నారు. వాటిని ఎక్కడ దింపవలెనో చెబితే చాలు, బండి కూడ వారే తెస్తామన్నారు.